ఏ తీగ ముందు విప్పాలి? – మోటారు బ్యాటరీ కథ



ఇంట్లో ట్రాక్టరో, జీపో, కారో వున్నవారికి ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే వుంటుంది. తెల్లవారుజామున తాళం తిప్పితే ‘టిక్కు’మని ఊరుకుంటుంది. ఇంజను కదలదు. బ్యాటరీ పని అయిపోయిందని తేలుతుంది. పట్నంనుంచి కొత్తది తెస్తారు. ఇంట్లో కుర్రవాడు స్పానరు పట్టుకొని బానెట్ ఎత్తుతాడు. అక్కడ మొదలవుతుంది తగవు. ప్లస్సు తీగ ముందు విప్పమని ఒకరు, మైనస్సు ముందని మరొకరు. పాత పుస్తకం తీసి చూస్తే ఒకమాట వుంటుంది, కొత్త పుస్తకంలో ఇంకొకటి. తమాషా ఏమిటంటే రెండు పుస్తకాలూ నిజమే చెబుతున్నాయి. అది ఎట్లాగో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులు తీసుకొని, అవి ఒకదానికొకటి తగలకుండా మధ్య రబ్బరు పట్టీలు పెట్టి, చాపలాగా చుట్టి, నీళ్ళు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. దానికి విద్యుత్తు ఎక్కిస్తే నిలవ చేసుకొన్నది, అడిగితే తిరిగి ఇచ్చింది. అంతకుముందు, 1800లో వోల్టా చేసిన బ్యాటరీ మొదలు అన్నీ ఒకసారి అయిపోతే అంతే. మళ్ళీ నింపుకొనే బ్యాటరీ ఇదే మొదటిది. 1881 ప్రాంతంలో కామిల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచివాడు ఎర్ర సీసపు భస్మాన్ని ముద్దచేసి రేకులకు పూశాడు. ఒక రకం సింధూరం ఈ పదార్థమే లెండి. దానితో బ్యాటరీకి నిలవశక్తి బాగా పెరిగింది. ఆ ముద్ద జారిపోకుండా పట్టుకోవడానికి జల్లెడవంటి సీసపు చట్రాలు వచ్చాయి. ఉత్త సీసం మరీ మెత్తన గనుక అందులో ఆంటిమొని అనే లోహం కలిపారు. ఈ ఆంటిమొని సంగతి మరచిపోవద్దు, తర్వాత పని వుంది.

అప్పటికింకా మోటారుకారుకు బ్యాటరీతో పెద్ద అవసరం లేదు. ముందు నిలబడి హాండిలు తిప్పితే ఇంజను లేచేది. కాని హాండిలు వెనక్కు తన్నిందంటే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరును కాడిలాక్ కంపెనీ తన 1912 కార్లకు పెట్టింది. ఈనాడు మనం ‘సెల్ఫ్’ అంటున్నది అదే. చేతులు విరగడం తగ్గింది. దానికి బదులు ప్రతి బండీ గంధకామ్లం మోసుకుంటూ రోడ్డెక్కింది. గతుకుల్లో, ఎండలో, ఇంజను వేడి పక్కన!

ఆ యాసిడ్‌ను పట్టివుంచడానికి పడిన పాట్లు అన్నీ యిన్నీ కావు. మొదట చెక్కపెట్టెలు వాడారు. తర్వాత ఎబొనైటు అనే గట్టి రబ్బరు పెట్టెలు వచ్చాయి. వాటి మూతల చుట్టూ తారు కరిగించి పోసేవారు. ఎండలకు తారు మెత్తబడి, చలికి బీటలుదీసి, ఆ బీటల్లోనుంచి యాసిడ్ ఊరేది. మా చిన్నతనంలో ఊళ్ళో ఒక పెద్దాయన అటువంటి బ్యాటరీని ఒళ్ళో పెట్టుకొని బండిమీద చార్జింగుకు తీసుకువెళ్ళి వచ్చారు. ఆనాటికి ఏమీ కనబడలేదు. మరునాడు చాకలిరేవులో పంచె ఉతికితే జల్లెడ తేలింది! నూలుబట్టను యాసిడ్ చల్లగా తినేస్తుంది, ఉతికినదాకా బయటపడదు. ఇనుము సంగతీ అంతే. బ్యాటరీ కింది పళ్ళెం పైకి రంగుతో బాగానే వుంటుంది, లోపల గుల్ల అయివుంటుంది.

1960ల చివర పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్ పెట్టెలు వచ్చి, మూతను కరిగించి అతకడం మొదలైనాక తారు బాధ వదిలింది. ఇక ఆంటిమొని. చార్జి ఎక్కువైనప్పుడు బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజను, ఆక్సిజను వాయువులవుతుంది. ఆంటిమొని ఈ పనిని తొందరపెడుతుంది. అందుకే పాత బ్యాటరీలకు తరచుగా నీళ్ళు పోయవలసి వచ్చేది. దాని బదులు కాల్షియం కలిపిన సీసం కారు బ్యాటరీల్లోకి 1970లలో వచ్చి ఆ బెడద తగ్గించింది. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ మొదట చేసినవి పరిశ్రమలకు కావలసిన సీలు బ్యాటరీలే. కార్లకోసం అమరాన్ పేరుతో 2000లో దిగారు.

అయితే సీలు వేసినదయినా లోపల వున్నది ప్లాంటేగారి సీసమూ యాసిడే. పెట్టె బీటవేస్తే కారుతుంది. బిగింపు పట్టీ వదులైతే గతుకులకు బీటవేస్తుంది. నీళ్ళు పోసే రకంలో గీత దాటి పోస్తే, చార్జి అయ్యేటప్పుడు పొంగి మూతల రంధ్రాలగుండా పైకి వస్తుంది. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు. కాబట్టి మామూలుగా తగ్గినదానికి డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోసేవారు మంచి చేస్తున్నామనుకొని పలకలను తినిపిస్తున్నారు.

ఇప్పుడు తగవు తీర్చుదాం. బండి ఇనుప ఒళ్ళే ఒక తీగగా పనిచేస్తుంది. బ్యాటరీ కొన ఒకటి ఒంటికి కలిపివుంటుంది, దాన్ని ఎర్తు అంటాము. ఇంగ్లండులో చేసిన పాత బండ్లలో, మోరిస్ మైనరు కారులో, ఫెర్గూసన్ టిఇ-20 ట్రాక్టరులో, ప్లస్సు కొననే ఒంటికి కలిపేవారు. 1960ల తర్వాత ఆల్టర్నేటర్లు వ్యాపించేసరికి అందరూ మైనస్సుకు మారారు. పాత పుస్తకం ప్లస్సు ముందన్నది అందుకే. అసలు సూత్రం ఒక్కటే: ఒంటికి కలిపిన తీగ ముందు విప్పాలి, చివర బిగించాలి. అది వుండగా రెండవది విప్పబోయి స్పానరు బానెట్‌కో పక్క ఇనుముకో తగిలిందా, పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. అక్కడ హైడ్రోజను నిలిచివుంటే పెట్టె పగిలి యాసిడ్ ముఖాన కొడుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, కళ్ళు పోయినవారున్నారు. ఇప్పటి బండ్లలో దాదాపు అన్నిటా ఎర్తు మైనస్సే. అయినా తీగ ఎక్కడికి పోతున్నదో ఒక్కసారి కంటితో చూచుకొని మొదలుపెట్టండి.

ఇంజను, దీపాలు ఆపి తాళం తీసేయండి. బీడీ దూరంగా పారవేయండి. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకొని, తీగలు విప్పి, బిగింపు వదిలించి, బ్యాటరీని నిటారుగా ఎత్తండి. వంచితే కారుతుంది. పళ్ళెంలో తెల్లగానో పచ్చగానో పొక్కులు కనిపిస్తే వంటసోడా నీళ్ళలో కలిపి పోయండి. బుసబుస పొంగుతుంది. పొంగు ఆగినదాకా పోసి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, తుప్పు గీకి రంగు వేయండి. తీగల కొనలు కూడా అట్లాగే. సోడానీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోరాదు. కొత్తదానికి ప్లస్సు కొన మైనస్సుకన్న కొంచెం లావుగా వుంటుంది, గుర్తుపట్టవచ్చు. పాతదానికి వాయువు పోయే గొట్టం వుంటే కొత్తదానికీ తగిలించండి. పట్టీ కదలకుండా బిగించండి, పెట్టె నొక్కుకుపోయేంత వద్దు. యాసిడ్ చర్మాన పడితే నీళ్ళతో బాగా కడగాలి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్ళు పోస్తూ, వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి.

పాత బ్యాటరీ మాట. వలగుండ్లకు సీసం వస్తుందని దాన్ని పగలగొట్టి పెరట్లో కరిగించేవారున్నారు. ఆ పొగలో, ఆ బూడిదలో వున్న సీసం చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. యాసిడ్ బావిగట్టున పారబోస్తే ఇంకా ఘోరం. పాత బ్యాటరీని దుకాణదారు తిరిగి తీసుకోవాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2022 నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారులమీద పెట్టాయి. కొత్తది కొనే రోజునే పాతది వెంట తీసుకుపోయి ఇస్తే, సీసానికి విలువకట్టి కొంత ధర తగ్గిస్తారు. తీసుకుపోయేటప్పుడు దాన్ని ఒక ప్లాస్టిక్ తొట్టిలో నిటారుగా పెట్టండి, ఒళ్ళో మాత్రం వద్దు.