అడిగితే ఆగే గొంతు

పోయిన చలికాలం మా అత్తమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్‌కి కొన్నాళ్లు ఆగాలన్నారు. నలభై ఏళ్లుగా పొయ్యి వెలిగించే ముందు బైబిల్ తెరిచే మనిషికి అక్షరాలు అలికినట్టు కనిపిస్తే ఎంత బాధో చూడండి. నేను ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టి, ఆమె మంచం పక్కన ఉంచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. గొప్ప ఉపాయం చేశానని మురిసిపోయాను కూడా.

మూడో రోజే అత్తమ్మ పిలిచింది. "అది సదువుకుంటనే పోతది బిడ్డా. జర ఆగమంటే ఆగదు, ఇదేందని అడిగితే చెప్పదు. నువ్వు సదువు" అంది.

నిజం చెప్పాలంటే చిరాకేసింది. పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాల హడావుడి నాకు. అయినా కూర్చుని ఇరవై మూడో కీర్తన చదివాను. "లేమి అంటే ఏంది?" అని ఆపింది. ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే పట్టిక పెట్టుకుని, రోజూ టిక్కులు కొట్టుకునే నేను ఆ మాట దగ్గర నీళ్లు నమిలాను. ఆమే నవ్వి, "ఇంట్ల గింజలు లేకపోవుడు. మా అత్త చెప్పింది" అంది.

ఆ అత్తకు, అంటే మా ఆయన నానమ్మకు, అక్షరం ముక్క రాదు. మరి ఆమెకెవరు చెప్పారు? "బైబిలమ్మ" అంది అత్తమ్మ. ఆ ఒక్క మాటతో నాకు మన ఇళ్లలో బైబిల్ చదవడం ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనిపించింది.

తెలుగులోకి బైబిల్ రావడం చాలా పాత కథ. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1730ల నాటికే దాన్ని తెలుగు చేశారు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. తర్వాత విశాఖపట్నంలో అగస్టస్ డీగ్రాంజెస్, క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలు అనువదించారు. డీగ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1818కి కొత్త నిబంధన, 1854కి పూర్తి బైబిల్ తెలుగులో వచ్చాయి.

పుస్తకమైతే వచ్చింది, చదివేవాళ్లేరి? 1901 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో అక్షరాలు వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మన మెదక్ పల్లెల్లో క్రైస్తవులైనవాళ్లలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని కులాలవాళ్లే. పైగా ఆ గ్రాంథిక భాష గొర్లు కాసేవాళ్లకు, నాట్లేసేవాళ్లకు సగమే అర్థమవుతుంది.

ఈ మధ్యలో నిలబడిన మనిషే బైబిల్ స్త్రీ. తెలుగునాట దాదాపు ప్రతి మిషన్‌లోనూ ఉండేవాళ్లు వీళ్లు. అక్షరాలు నేర్చుకుని, సంచిలో సువార్త పుస్తకం పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. మగ ఉపదేశి పోలేని వాకిళ్లలోకి వీళ్లు పోగలిగేవాళ్లు. ఒక భాగం చదవడం, ఆగడం, అడిగినదానికి మన మాటల్లో చెప్పడం, మళ్లీ చదవడం, వాక్యం నోటికి వచ్చేదాకా పలికించడం, ఇదీ వాళ్ల పని. మా ఇంటికి వచ్చిన బైబిలమ్మ నానమ్మ బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని చదివేదట. అలా విని విని నానమ్మ పది కీర్తనలు కంఠతా పట్టింది. చదువు రాకపోయినా రోజూ వాక్యం తప్పలేదు.

మా రామాయంపేట నుంచి మెదక్ చర్చికి బస్సులో గంట కూడా పట్టదు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర దాన్ని 1914లో మొదలుపెట్టి, కరువులో జనానికి కూలి, తిండి దొరికేలా కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అందులో మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి కదా, క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ. 1927, 1947, 1958లలో పెట్టినవి. చదువు రానివాళ్లకు అవే పుస్తకం అంటారు. కానీ చిన్నప్పుడు నన్ను అక్కడ నిలబెట్టి, "ఈయన ఎవరు, ఈమె ఎందుకు ఏడుస్తుంది" అని చెప్పింది మా అమ్మమ్మ. ఆమె చెప్పకపోతే నాకు రంగులే కనిపించేవి. అద్దమైనా, పుస్తకమైనా, ఫోనైనా అంతే. పక్కన ఒక మనిషి కావాలి.

ఇప్పుడు మన ఇళ్లలో అందరికీ చదువొచ్చింది. ఎవరి ఫోన్‌లో వాళ్లకు బైబిల్ ఉంది. ఎవరికి వాళ్లం మౌనంగా చదువుకుంటున్నాం, లేదా చదివామనుకుంటున్నాం. ఒంటరి ధ్యానం మంచిదే, నేను కాదనను. కానీ ఒకరు చదివితే ఇంకొకరు ఆపి అడిగే అలవాటు మాత్రం మా ఇంట్లో నా చేతిలోనే పోయింది. అక్షరాలు రాని నానమ్మ నిలబెట్టినదాన్ని, డిగ్రీ చదివిన నేను జారవిడిచాను. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అత్తమ్మకు ఎండాకాలంలో ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. ఇప్పుడు తనే చదువుకోగలదు. అయినా రాత్రి అన్నాలయ్యాక, "సదువు బిడ్డా" అంటుంది. పట్టిక పక్కన పెట్టేశాను. రోజుకు పది వచనాలే, ఒక్కోసారి నాలుగే. మొన్న రూతు గ్రంథం చదువుతుంటే మా చిన్నోడు, "అత్తను వదిలేసి వాళ్లమ్మ దగ్గరికి పోవచ్చు కదా, ఎందుకు పోలేదు?" అని అడిగాడు. నేను, అత్తమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ రాత్రి ఆ వచనం దాటి ముందుకు పోలేదు.

మీ ఇంట్లో కూడా ఈ రాత్రి ఎవరో ఒకరు గొంతెత్తి చదవండి. పిల్లలు ఆపితే విసుక్కోకండి. వాళ్లు ఆపిన చోటే కాసేపు ఆగండి.