నీటిమీది ఎర



సందెవేళ చెరువుగట్టున కూర్చుండి కొర్రమీనుకై గాలము వేయువారిని మీలో అనేకులు చూచియే యుందురు. వారు గాలమునకు కప్పపిల్లను గ్రుచ్చి, తామరాకుల సందున నీటిపై మెల్లగా ఆడింతురు. కొంతసేపటికి నీరు చివాలున చీలును, కప్ప మాయమగును. ఆ క్షణముననే అదరిపడి కఱ్ఱను లాగినవానికి వట్టి గాలమే చేతికి వచ్చును. చేప ఎరను నోటబట్టి నీటిలోనికి మరలువఱకు ఓర్చినవాని యింట ఆ రాత్రి కూర ఉడుకును.

అమెరికా దేశమున ఇట్టి వేటయే ఒకటి కలదు. అక్కడ కప్పపిల్లకు మారుగా కొయ్యతో చేసిన బూటకపు ఎరను నీటిపై తేలవేయుదురు. దానిని పట్టునది నల్ల బాసు అను చేప. ఆ ఎర ఎట్లు పుట్టెనో, దానికి తగిన కఱ్ఱయు, చక్రమును, త్రాడును ఎట్లు కుదిరెనో నేడు మీకు మనవి చేయదలచితిని. కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని కాశ్మీర పండితుడగు క్షేమేంద్రుడు వాదించెను. పదము ఎంత సొగసైనదైనను తగని చోట నిలిపిన దోషమే యగును. ఈ వేట చరిత్రను చదివినకొలది నాకు ఆ మాటయే జ్ఞప్తికి వచ్చుచుండును.

ముందుగా చేపను గుఱించి రెండు మాటలు. నల్ల బాసు ఉత్తర అమెరికా నదులలోను సరస్సులలోను పుట్టిన మంచినీటి చేప. ఇందు ప్రసిద్ధములైన జాతులు రెండు: పెద్దనోటి బాసు, చిన్ననోటి బాసు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేడ్ 1802లో ఈ రెంటిని వర్ణించి పేరులు పెట్టెను. పెద్దనోటి బాసు నాచులోను, మునిగిన మ్రాకుల నీడలోను పొంచియుండి, దరికి వచ్చిన చిన్నచేపను, కప్పను, పురుగును మ్రింగును. అది కొఱికి పట్టునది కాదు. నోటిని ఒక్కసారిగా తెఱచుటతో నీరు లోనికి దూకును. ఆ నీటితోపాటు ఎరయు పోవును. క్రిందనుండి చూచు చేపకు నీటిపై తేలునది ఆకాశపు వెలుగునకు అడ్డుపడిన నల్లని నీడవలె కనబడును. మఱియు దాని ప్రక్కలనున్న పార్శ్వరేఖ నీటి కదలికను పసికట్టును. కావున తేలెడి ఎరకు రంగుకంటె నీడయు, సొగసుకంటె సవ్వడియు ముఖ్యములు.

పంతొమ్మిదవ శతాబ్దారంభమున బాసును పట్టువారు ప్రాణమున్న చిన్నచేపలనే ఎరగా వాడుచుండిరి. ఆ ఎరను దూరముగా విసరుటకు తగిన సాధనము కావలసి వచ్చెను. కెంటకీ రాష్ట్రమున పారిస్ అను చిన్న పట్టణమునందు జార్జి స్నైడర్ అను గడియారములవాడు ఉండెను. అతడు ఆ శతాబ్దపు తొలి దశకములలో పండ్లచక్రములు గల రీలు నొకదానిని చేసెను. పిడిని ఒకమారు త్రిప్పినచో త్రాడు చుట్టుకొను కండె పెక్కుమార్లు తిరుగును. మీక్ సోదరులును, మైలమును ఆ పనిని ఇంకను నునుపు చేసిరి. విసరునపుడు కండె నిరాటంకముగా తిరుగుట దాని గుణము; ఎర నీటబడిన పిమ్మటను తిరుగుచు త్రాడును చిక్కుపఱచుట దాని దోషము. ఆ దోషమునకు మందు విసరువాని బొటనవ్రేలే. నేటికిని ఈ జాతి రీళ్లను వాడువారు మొదట నేర్వవలసినది ఆ వ్రేలి అదుపే.

ఆ కాలమున ట్రౌటు చేపను పట్టుటయే మర్యాదగల వేటయని పెద్దల నమ్మకము. బాసు సామాన్యుల చేప. ఈ నమ్మకమును ఎదిరించినవాడు జేమ్స్ హెన్షాల్ అను వైద్యుడు. ఆయన 1881లో నల్ల బాసును గుఱించి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించి, పోరాటమున దీనికి సాటివచ్చు చేప లేదని వాదించెను. బరువైన పొడుగు కఱ్ఱలకు బదులు ఎనిమిదడుగుల పైచిల్లర గల తేలిక కఱ్ఱ చాలునని ఆయన మతము. తరువాతివారు దానిని ఇంకను కుదించి, తలమీదుగా విసరుటకు అనువైన ఆరడుగుల కఱ్ఱలు చేసిరి. కఱ్ఱ పొట్టిదైనకొలది గుఱి కుదిరెను. తామరాకుల నడుమ జానెడు సందున ఎరను వేయుట అప్పుడు సాధ్యమయ్యెను.

ఇక కొయ్య ఎర కథ. మిచిగన్ రాష్ట్రమున డొవాజియాక్ అను ఊరిలో జేమ్స్ హెడన్ అను తేనెటీగల పెంపకగాడు ఉండెను. 1888 ప్రాంతమున అతడు మర చెరువు గట్టున మిత్రునికై ఎదురుచూచుచు, పొద్దుపోక ఒక కొయ్యముక్కను చెక్కి నీటిలోనికి విసరెననియు, వెంటనే ఒక బాసు పైకి దూకి దానిని ఎగురగొట్టెననియు చెప్పుదురు. కథ ఎంతవఱకు నిజమైనను, పిమ్మట అతడు మిత్రులకై కొయ్యకప్పలు చెక్కి యిచ్చుటయు, 1902లో నీటిపై తేలెడి ఎరకు పేటెంటు పొందుటయు నిశ్చయములు. అతని కుటుంబము నడపిన కర్మాగారము వలన ఆ చిన్న ఊరి పేరు దేశమంతట వ్యాపించెను. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ప్రాణమున్న ఎర తనంతట తాను కదలును. కొయ్యకు ఆ శక్తి లేదు. ప్రాణము పోయవలసినది వేటగాని మణికట్టు. ఆ దినముననే గాలపు వేట ఎదురుచూచు పని మాని ఆడించు విద్య యయ్యెను.

విద్య పుట్టినది గాని పరికరములు ఇంకను వెనుకబడియే యుండెను. నాటి త్రాడు పట్టుతో అల్లినది. వేట ముగియగానే దానిని విప్పి ఆరవేయవలయును, లేకున్న కుళ్లును. త్రాడు కండెపై ఒకేచోట గుట్టపడకుండ వ్రేలితో సర్దవలసియుండెను. కలమజూ నగరవాసి విలియం షేక్స్పియర్, పేరు మహాకవిదే కాని వృత్తి వేఱు, 1896లో త్రాడును ఇటునటు తానే సమముగా పఱచెడి రీలుకు పేటెంటు పొందెను. వ్రేలికి ఒక పని తగ్గుటతో మనస్సు ఎరమీద నిలిచెను.

1938 మొదలు తేలెడి ఎరల చరిత్రలో మంచి కాలము. ఆ యేట ఏక్రన్ నగరమున ఫ్రెడ్ ఆర్బోగాస్ట్ ముందువైపు వెడల్పైన లోహపు పెదవి గల ఎరను విడుదల చేసి, నాటి నృత్యమొకదాని పేర దానికి జిట్టర్‌బగ్ అని పేరిడెను. తిన్నగా చుట్టిన చాలును. అది ఇటునటు ఊగుచు బుడబుడ ధ్వనితో ప్రాకివచ్చును. యుద్ధకాలమున లోహము దొరకక ఆ పెదవిని ప్లాస్టిక్కుతో చేసిరి. హెడన్ సంస్థవారి జారా స్పూక్ 1939లో వచ్చెను. చుట్టవంటి ఆకారము, పెదవి లేదు, ఱెక్క లేదు. వట్టిగా లాగిన అది చచ్చిన కొయ్యయే. త్రాడును కొంచెము వదులు చేసి, కఱ్ఱ కొనను తాళబద్ధముగా క్రిందికి తట్టినచో ముక్కు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు త్రిప్పుచు నడచివచ్చును. ఈ పనికి అక్కడివారు కుక్కను నడిపించుట అని పేరు పెట్టిరి. ఇక గుంటనోరు గలవి మూడవ తెగ. వానిని ఒక్కసారి లాగిన నీటిని గుటుక్కున ఉమియును. పిమ్మట అలలు అణగువఱకు వానిని కదపరాదు.

ఇంతలో నైలాను వచ్చెను. డ్యుపాంట్ సంస్థవారు 1938లో దానిని లోకమునకు ప్రకటించిరి. కొలది కాలములోనే అది గాలపు త్రాడయ్యెను. కుళ్లదు, ఆరవేయ పని లేదు. యుద్ధానంతరము గాజునారతో చేసిన కఱ్ఱలును, 1970 తరువాత గ్రాఫైటు కఱ్ఱలును వచ్చినవి. పిమ్మట అల్లిన పాలిథిలీను త్రాడును, ఫ్లోరోకార్బను త్రాడును వచ్చినవి. ఇచ్చటనే అనేకులు పొరపడుదురు. క్రొత్తది గావున మేలైనదని తలచి ఫ్లోరోకార్బనును తేలెడి ఎరకు కట్టుదురు. అది నీటికంటె చాల బరువైనది. లోతున తిరుగు ఎరకు అది ఎంతో మంచిది. పైనుండు ఎరకు మాత్రము ముక్కును క్రిందికి లాగి నడక చెఱచును. నైలాను మెల్లగా మునుగును, సాగును. అల్లిన త్రాడు తేలును, సాగదు. కాని మెత్తనిదగుటచే ఎర ముందరి గాలములకు చుట్టుకొనును. అందుచేత దాని చివర మూరెడో బారెడో దళసరి నైలానును ముడివేయుట వాడుక.

కఱ్ఱ సంగతియు ఇట్టిదే. మూడు కొక్కెముల గాలములు గల కొయ్య ఎరకు కొన మెత్తగా వంగు కఱ్ఱ కావలయును. ఆ సన్నని గాలములు కొద్దిపాటి లాగుటకే దిగును. బిఱుసు కఱ్ఱతో గుంజిన చేప నోరు చిరిగి జారిపోవును. దీనికి విపరీతముగా, తామరాకులపై జార్చెడి డొల్ల రబ్బరు కప్పకు రెండు లావు గాలములు వీపునకు అంటియుండును. చేప నొక్కినగాని అవి బయటపడవు. దానికి బిఱుసైన కఱ్ఱయు, సాగని గట్టి త్రాడును ఉండవలయును. చేపను నాచులోనుండి పెఱికి తీయవలసియుండును గదా. మొదటిదానికి అమృతమైనది రెండవదానికి విషమని దీనివలన తేటపడుచున్నది.

ఎన్ని కుదిరినను చివరి పని మనస్సుదే. వేకువనో, సందెవేళనో, మబ్బు పట్టిన పగలో, నీరు వెచ్చగా నిలకడగా నున్నపుడు బాసు పైకి చూచును. ఎర అంచున నీరు బ్రద్దలగును. కంటికి కనబడిన దానికి చేయి ఉలికిపడుట సహజము. కాని చేప ఎరను ఎగురగొట్టి తప్పియుండవచ్చును, లేదా ఇంకను నోరు మూయకుండవచ్చును. కావున చూచినదానికి లాగరాదు. కఱ్ఱకు బరువు తగిలిన పిమ్మటనే లాగవలయును. సాగెడి నైలానును, వంగెడి కఱ్ఱయు మన తొందరను కొంత తామే క్షమించును. సాగని త్రాడు ఏ తప్పును క్షమింపదు. చెరువుగట్టు పల్లెవాని ఓర్పు ఇచ్చట మరల కనబడుచున్నది.

చిక్కిన చేపను ఏమి చేయవలయును? మొదట అందఱును చంపి తినుచుండిరి. బాసు వేటలో పెద్ద పందెములను నడపిన రే స్కాట్ 1972లో చేపలను బ్రదికించి మరల నీట విడుచు పద్ధతిని తన పందెములలో ప్రవేశపెట్టెను. నేడు అమెరికాలో బాసు వేటగాండ్రలో అనేకులకు అది ఆచారమైనది.

చేపపై ఈ ప్రేమయే మఱియొక చోట హద్దు మీఱెను. 1925లో జపానులోని అషి సరస్సునకు పెద్దనోటి బాసును కొనిపోయిరి. అది క్రమముగా ఇతర జలములకు ప్రాకి అచ్చటి చిన్నచేపలను హరించుటచే, 2005లో దానిని పెంచుట, తరలించుట, విడుచుట నిషేధించిరి. 1932లో జార్జియా రాష్ట్రమున జార్జి పెర్రీ పట్టిన 22 పౌనుల 4 ఔన్సుల బాసుతో సమానమని లెక్కించిన 22 పౌనుల 5 ఔన్సుల బాసు 2009లో దొరకినది జపానులోని బివా సరస్సుననే. వేటగానికి అది కీర్తి, సరస్సునకు కాదు. గ్వాటెమాలాలోని అటిట్లాన్ సరస్సున 1958, 1960 సంవత్సరములలో బాసును విడిచిరి. అచ్చట మాత్రమే బ్రదుకుచుండిన, ఎగురలేని ఒక జాతి నీటిపక్షికి ఆహారమైన చిన్నచేపలు తఱిగిపోయినవి. ఇతర కారణములును తోడై, 1990 నాటికి ఆ పక్షి లోకమున లేకుండబోయినది.

త్రాడును తగనిదానిని కట్టినవాడు ఒక దినపు వేటను పోగొట్టుకొనును. చేపను తగని నీట విడిచినవాడు ఒక జాతినే పోగొట్టును. ఔచిత్యము ఎఱలోనే కాదు, ఏటిలోను చూడవలసియున్నది. తేలెడి ఎరతో ఆడదలచినవారికి మన చెరువులలో ఆ ఆటకు తగిన చేప లేకపోలేదు. కప్పపై దూకు కొర్రమీను తెలంగాణ రాష్ట్రపు మత్స్యముగా గౌరవము పొందినది. దానికి రబ్బరు కప్పయు, బిఱుసు కఱ్ఱయు చక్కగా కుదురును. పిల్లల గుంపును కాచుచు తిరుగు కొర్రమీను కనబడినపుడు మాత్రము గాలమును చుట్టి ఇంటికి మరలుడు. కఱ్ఱను ఎన్నుకొనుట తెలిసినవానికి ఎప్పుడు దానిని దింపవలయునో కూడ తెలిసియుండవలయును.