నూనె చుక్క పడిన వేగం, పేపరు మీద పడని పేరు



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఇందులో ఫిజిక్స్ ఉంది, చరిత్ర ఉంది, మన సంగతీ ఉంది.

మా అమ్మ కళ్లంలో చోళ్లు తూర్పారబట్టేటప్పుడు చేట పైకెత్తి గాలివాటంగా వంచుతుంది. గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టు అవతలకి కొట్టుకుపోతుంది. అమ్మ బడి మొహం చూడలేదు. కానీ గింజనీ పొట్టునీ గాలి ఒకేలా ఆపదని ఆమెకి తెలుసు. నేను డిగ్రీలో చేరాక దీని వెనక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

గాలిలోగానీ నీళ్లలోగానీ వస్తువు కదిలితే అవి అడ్డుపడతాయి. వేగం పెరిగే కొద్దీ ఆ అడ్డు కూడా పెరుగుతుంది. పడుతున్న వస్తువు బరువుకి ఈ అడ్డు సరిసమానం అయ్యాక ఇంక వేగం పెరగదు. అదే చరమ వేగం. న్యూటన్ 1687లో అచ్చయిన ప్రిన్సిపియా రెండో భాగమంతా దాదాపు ఈ విషయం మీదే రాశాడు. 1710లో లండన్ సెయింట్ పాల్ చర్చి గోపురం లోపల గాజు గోళాలను పైనుంచి వదిలి, ఎంతసేపట్లో నేల తాకాయో లెక్కపెట్టారు. అలా జోరుగా పడే వస్తువులకి అడ్డు దాదాపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు.

చాలా చిన్నగా ఉండి, మెల్లగా కదిలే వాటి లెక్క వేరు. ఐర్లండ్‌లో పుట్టిన జార్జ్ స్టోక్స్ 1851లో అచ్చయిన పేపర్లో దాన్ని తేల్చాడు. అసలు ఆయన చూస్తున్నది గడియారం లోలకాన్ని గాలి ఎంత ఆపుతుందనేది. అందులోంచే చిన్న గోళానికి సూత్రం వచ్చింది: అడ్డు వేగానికీ, గోళం వ్యాసార్ధానికీ, ద్రవం లేదా గాలి స్నిగ్ధతకీ అనులోమానుపాతంలో ఉంటుంది. దీన్నిబట్టి చుక్క వ్యాసార్ధం సగమైతే చరమ వేగం నాలుగో వంతే. చలికాలం పొద్దున్నే మన కొండల మధ్య మంచు కదలకుండా నిలబడినట్టు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? ఆ చుక్కలూ పడుతూనే ఉంటాయి, మరీ మెల్లగా పడతాయి అంతే.

ఇక అసలు కథ. హార్వే ఫ్లెచర్ అమెరికాలో యూటా రాష్ట్రం ప్రొవో నుంచి షికాగో యూనివర్సిటీకి వచ్చిన కుర్రాడు. తన ఊరి కాలేజీ చదువు ఇక్కడ చాలదన్నారు. అప్పుడు దారి చూపించింది రాబర్ట్ మిల్లికన్ అనే ప్రొఫెసరే. 1909లో ఫ్లెచర్ పీహెచ్‌డీ పని కోసం ఆయన దగ్గరికే వెళ్లాడు.

అప్పట్లో ఎలక్ట్రాన్ మీద ఎంత ఆవేశం ఉందో కొలవాలని చూస్తున్నారు. నీటి ఆవిరి మబ్బుతో కొలిస్తే చుక్కలు ఆరిపోతున్నాయి. నూనె అయితే ఆరదు. నూనె ఆలోచన తనదేనని మిల్లికన్ రాసుకున్నాడు. ఫ్లెచర్ జ్ఞాపకం ఇంకోలా ఉంది. తాను మందుల షాపులో సెంటు చల్లే బుడ్డి, గడియారాలకి వేసే నూనె కొనుక్కొచ్చి, మొదటి పరికరం తానే కట్టానని చెప్పాడు.

పద్ధతి ఇదీ. చుక్క పడే వేగం టెలిస్కోపులో చూసి కొలవాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు వ్యాసార్ధం ఉన్న చుక్క ఒక సెంటీమీటరు పడడానికి నిమిషంన్నర దాకా పడుతుంది. ఆ వేగం నుంచి స్టోక్స్ సూత్రంతో చుక్క సైజు వస్తుంది. తర్వాత రెండు పలకల మధ్య కరెంటు పెట్టి దాన్ని పైకి లేపి, ఆ వేగం కొలిస్తే ఆవేశం వస్తుంది. అన్ని చుక్కల మీదా ఆవేశం ఒకే చిన్న పరిమాణానికి గుణిజంగానే వచ్చింది. మరీ చిన్న చుక్కలకి స్టోక్స్ సూత్రం కొంచెం తప్పుతుందని కనిపెట్టి దాన్నీ సవరించారు.

1910లో పేపరు వచ్చింది. లోపల ఫ్లెచర్ ప్రస్తావన ఉంది. రచయిత మాత్రం మిల్లికన్ ఒక్కడే. ఫ్లెచర్ రాసినదాని ప్రకారం, పీహెచ్‌డీకి పనికొచ్చే పేపరుకి ఒక్కడే రచయితగా ఉండాలి కాబట్టి వేరే పేపరు నువ్వు తీసుకో, ఇది నేను తీసుకుంటానని మిల్లికనే ఇంటికొచ్చి చెప్పాడు. ఫ్లెచర్ ఒప్పుకున్నాడు. 1923లో మిల్లికన్‌కి నోబెల్ వచ్చింది. ఫ్లెచర్ తన మాట తాను పోయాకే బయటపెట్టమన్నాడు. ఆయన 1981లో చనిపోయాడు, 1982లో అది అచ్చయింది. మిల్లికన్ మీద కోపం లేదని కూడా అందులో ఉంది. మనిషి ఓడిపోలేదు. వినికిడి శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇంకో ముక్క. మిల్లికన్ ఫలితం అసలు విలువకన్నా దాదాపు 0.6 శాతం తక్కువ. తప్పు చుక్కల్లో లేదు, లెక్కలో వాడిన గాలి స్నిగ్ధతలో ఉంది. అది దొరకడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అంత పేరున్న మనిషి లెక్కని కూడా మళ్లీ కొలిచి చూశారు కాబట్టే దొరికింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కిందటేడు ఒక సర్వే కోసం నేనూ నా రూమ్‌మేటూ మన ఊళ్లలో తిరిగాం. ఊటనీళ్ల దగ్గరికి నడిచింది మేం, మన భాషలో ముసలోళ్లని అడిగి తెలుగులో రాసిచ్చింది మేం. రిపోర్టులో మా పేర్లు లేవు. రెండు రోజులు అన్నం సయించలేదు. నోరెత్తితే ఇంకోసారి పిలవరేమోనని భయపడ్డాం. ఫ్లెచర్ కథ చదివాక ఆ భయం మన ఒక్కరిదే కాదని అర్థమైంది. అయినా డెబ్బై ఏళ్లు ఆగే ఓపిక నాకు లేదు.

అందుకే ఇప్పుడు రెండు పనులు చేస్తున్నాను. ఏ పని చేసినా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. పని మొదలుపెట్టే ముందే, పేర్లు ఎవరివి వస్తాయి సార్ అని మర్యాదగా అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు గొంతు వణికింది. రెండోసారి అంత వణకలేదు.

మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే కింద రాయండి. జోహార్!