డెక్కన్ నుంచి డ్రీమ్‌లైనర్ దాకా

కంపెనీలు కలుస్తున్నాయనగానే మన ఐటీవాళ్ళం జీతం సంగతే అడుగుతాం. నేనైతే ముందు తేదీ సంగతి అడగమంటాను.

హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ తెలుసుగా? దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చిన కంపెనీ. 1953లో దాన్ని జాతీయం చేసి, మరో ఏడింటితో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. పాత జీతం, పాత షరతులు ఉంటాయని చట్టం హామీ ఇచ్చింది 1952 జూలై 1కి ముందు చేరినవాళ్ళకే. అదీ కొత్త కార్పొరేషన్ వాటిని మార్చేదాకానే!

2007లో ఆ ఇండియన్ ఎయిర్‌లైన్సే ఎయిరిండియాతో కలిసింది. మా గోదారి పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు వేరే బంతుల్లో కూర్చున్నట్టు, పైలట్లు రెండు వర్గాలుగానే మిగిలారు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మె చేశారు. మరుసటేడు, డ్రీమ్‌లైనర్ ట్రైనింగ్ వాళ్ళకెందుకంటూ పాత ఎయిరిండియా పైలట్ల వంతు. ఆ సమ్మె 58 రోజులు నడిచింది.