నవ్వుల కొలువు: 1987–1992 నాటి జస్టిస్ లీగ్

అమెరికన్ కామిక్స్ చరిత్ర రాసేవారు 1986వ సంవత్సరాన్ని చీకటి కథలకు ఆరంభంగా చెప్పడం పరిపాటి. ఫ్రాంక్ మిల్లర్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’, అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీసిన ‘వాచ్‌మెన్’ ఆ ఏడాదే వెలువడడం మొదలై, అసాధారణ శక్తులతోనో ముసుగుతోనో దుష్టులను ఎదిరించే సూపర్‌హీరోను అనుమానంతో, ఒక్కోసారి భయంతో చూడడం పాఠకులకు అలవాటు చేశాయి. ఆ రెండింటినీ ప్రచురించిన డీసీ కామిక్స్ సంస్థే, మరుసటి ఏడాది మే నెల తేదీ వేసి, 75 సెంట్ల ధరకు ‘జస్టిస్ లీగ్’ అనే కొత్త మాసపత్రిక మొదటి సంచికను విడుదల చేసింది. అందులోని వీరులు లోకాన్ని కాపాడుతూనే ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు, అప్పులపాలయ్యారు, అలిగారు, కడుపుబ్బ నవ్వుకున్నారు. ఐదేళ్ళు సాగిన ఆ వరుసను నేటికీ అభిమానులు కలిసి కూర్చుని సంచిక తరువాత సంచికగా తిరిగి చదువుతున్నారంటే, దానికి కారణం అందులోని హాస్యం సూపర్‌హీరోలను వెక్కిరించకుండా, వారిని మనుషులుగా ప్రేమించడమే.

జస్టిస్ లీగ్ అనే వీరుల బృందం అప్పటికే పాతది. 1960లో ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ పత్రిక 28వ సంచికలో రచయిత గార్డ్నర్ ఫాక్స్, చిత్రకారుడు మైక్ సెకౌస్కీ దాన్ని తొలిసారి పరిచయం చేశారు. కామిక్స్ అభిమానుల సమాజం ఏర్పడడానికీ ఆ బృందానికీ కూడా దగ్గరి సంబంధం ఉంది. ఆ బృందపు కథల సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తన పత్రికల ఉత్తరాల పేజీలో, అంటే పాఠకుల అభిప్రాయాలు అచ్చువేసే పేజీలో, రాసినవారి పూర్తి చిరునామాలు కూడా ఇవ్వడంతో దూరదూరాన ఉన్న పాఠకులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోగలిగారు. పాత వీరులను తిరిగి తెమ్మని ఫాక్స్‌కు ఉత్తరాలు రాస్తూ వచ్చిన జెర్రీ బెయిల్స్, ఆయన ద్వారానే పరిచయమైన రాయ్ థామస్‌తో చేతులు కలిపి 1961లో ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమాన పత్రికను ప్రారంభించాడు. ఆ పాత ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ ఎనభైల నాటికి డీలా పడింది. 1984లో బృందాన్ని డెట్రాయిట్ నగరానికి తరలించి, కొత్త కుర్ర వీరులను చేర్చినా ఫలితం లేకపోయింది. 1987లో 261వ సంచికతో అది ముగిసింది. చివరి నాలుగు సంచికలను, వైబ్ అనే యువ వీరుడి మరణంతో సహా, రాసినవాడు జె. ఎం. డిమాటిస్. పాత బృందానికి విషాదభరితమైన ముగింపు పలికిన ఆ రచయితే, ఆ వెంటనే కొత్త బృందపు నవ్వులను రాయవలసి వచ్చింది.

కొత్త పత్రికకు సంపాదకుడు ఆండీ హెల్ఫర్. కథ కూర్పు కీత్ గిఫెన్‌ది, సంభాషణలు డిమాటిస్‌వి, బొమ్మలు అప్పటికి ఇంకా కొత్తవాడైన కెవిన్ మగ్వైర్‌వి. వారికి మొదట ఎదురైన చిక్కు వీరుల కొరత. ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ అనే మహాకథ ముగిశాక డీసీ తన పెద్ద పాత్రలను మళ్ళీ మొదటినుంచి చెప్పించడం మొదలుపెట్టింది. సూపర్‌మాన్ జాన్ బర్న్ చేతిలో, వండర్ వుమన్ జార్జ్ పెరెజ్ చేతిలో ఉండగా, వారిని మరో పత్రికకు ఇవ్వడానికి ఆయా సంపాదకులు ఇష్టపడలేదు. బ్యాట్‌మాన్ ఒక్కడు దక్కాడు. మిగిలినవారు పెద్ద పేరు లేనివారు, లేదా ఇతర సంస్థల నుంచి డీసీకి వచ్చినవారు: చార్ల్‌టన్ సంస్థ నుంచి కొన్న బ్లూ బీటిల్, ఒకప్పటి ఫాసెట్ సంస్థ సొత్తయిన కెప్టెన్ మార్వెల్, జాక్ కర్బీ 1971లో సృష్టించిన మిస్టర్ మిరకిల్, 1955 నుంచి ఉన్నా ఎన్నడూ ముందువరుసకు రాని మార్షియన్ మాన్‌హంటర్, డాన్ యుర్గెన్స్ 1986లో మొదలుపెట్టిన బూస్టర్ గోల్డ్. లోకం గౌరవించే వీరులు అందుబాటులో ఉండి ఉంటే ఈ హాస్యం పుట్టేది కాదన్నది సులభంగానే ఊహించవచ్చు, ఎందుకంటే సూపర్‌మాన్‌ను అప్పులవాళ్ళు తరిమే కథను ఆ రోజుల్లో ఎవరూ రాయనిచ్చేవారు కారు. బ్లూ బీటిల్‌ను తరిమితే అడిగేవారు లేరు.

ఇక్కడ పనిచేసిన పద్ధతిని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే హాస్యానికి మూలం అందులోనే ఉంది. సాధారణంగా కామిక్స్‌లో రచయిత కథను మాటల్లో రాసిస్తే చిత్రకారుడు దాన్ని గళ్ళుగా విడగొట్టి గీస్తాడు. గిఫెన్ తానే చిత్రకారుడు కావడంతో ప్రతి సంచికనూ చిన్నచిన్న బొమ్మల చిత్తుప్రతిగా గీసి ఇచ్చేవాడు; ఏ గడిలో ఎవరు ఎవరివైపు చూడాలి, ఎక్కడ మాట ఆగి మౌనం రావాలి అన్నది అప్పుడే నిర్ణయమయ్యేది. డిమాటిస్ ఆ చిత్తు మీద సంభాషణలు రాసేటప్పుడు గిఫెన్ అనుకోని మలుపులు మాటల్లోకి తెచ్చేవాడు, గిఫెన్ తరువాతి సంచికలో వాటిని అందుకుని మరో దారి పట్టించేవాడు. ఇద్దరు వాద్యకారులు ఒకరి స్వరానికి ఒకరు బదులిచ్చినట్లు సాగిన ఈ పనికి మగ్వైర్ గీసిన ముఖాలు ప్రాణం పోశాయి. అప్పటి సూపర్‌హీరో బొమ్మల్లో కోపం, బాధ, దృఢనిశ్చయం తప్ప మరో భావం కనిపించడమే అరుదు. మగ్వైర్ పాత్రలు కనుబొమ్మ ఎగరేస్తాయి, పెదవి విరుస్తాయి, నవ్వు ఆపుకోలేక చెంపలు ఉబ్బిస్తాయి, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిసినట్టు ఓరగా చూస్తాయి. వీరులంతా గుంపుగా నిలబడి తలెత్తి పాఠకుడిని చూస్తున్న మొదటి సంచిక ముఖచిత్రాన్ని ఆ తరువాత ఎందరో చిత్రకారులు అనుకరించారు. అమెరికన్ కామిక్స్‌లో అన్నిసార్లు అనుకరణకు నోచుకున్న బృందచిత్రాలు కొద్దిగానే ఉన్నాయి.

అభిమానుల చర్చ ఎక్కడ మొదలైనా ఐదవ సంచిక దగ్గరికి చేరక తప్పదు. గ్రీన్ లాంతర్లలో ఒకడైన గై గార్డ్నర్, అంటే తలచినదానికి రూపమిచ్చే ఉంగరం ధరించినవాడు, నాయకత్వం తనదేనంటూ మొదటి రోజు నుంచీ రచ్చ చేస్తుంటాడు. ఈ సంచికలో అతను ఉంగరం తీసేసి బ్యాట్‌మాన్‌ను ముష్టియుద్ధానికి పిలుస్తాడు; బ్యాట్‌మాన్ ఒక్క గుద్దు గుద్దుతాడు; గై నేలమీద పడతాడు. బ్లూ బీటిల్ ఆనందం పట్టలేక ఆ ఒక్క గుద్దునే పదేపదే తలచుకుని నవ్వుతాడు, ఆలస్యంగా వచ్చిన మరో సభ్యురాలు బ్లాక్ కెనరీ ఆ దృశ్యం చూడలేకపోయానని దిగులుపడుతుంది. ఇంత ప్రసిద్ధమైన ఈ ఘట్టం మీద జరిగే చర్చల్లో తరచు మరుగున పడేది ఒకటుంది: అదే సంచికలో డాక్టర్ ఫేట్ అనే మాంత్రికుడికీ, మృతుల కలలతో ముడిపడిన గ్రే మాన్‌కూ మధ్య జరిగే కథ పూర్తిగా గంభీరమైనది. హాస్యం ఎంత నిండుగా ఉందో ఆపద అంత నిజంగా ఉంది కాబట్టే ఆ నవ్వుకు బరువు వచ్చింది. కథకులు ఆపదను కూడా ఆటగా తీసుకున్నచోట, తరువాతి సంవత్సరాల్లో, అదే నవ్వు తేలిపోయింది.

ఏడవ సంచికతో పత్రిక పేరు ‘జస్టిస్ లీగ్ ఇంటర్నేషనల్’గా మారింది. ఐక్యరాజ్యసమితి గుర్తింపు, పలు దేశాల్లో రాయబార కార్యాలయాలు, అమెరికా ప్రభుత్వం తరఫున కెప్టెన్ ఆటమ్, సోవియట్ ప్రభుత్వం తరఫున రాకెట్ రెడ్ చేరాయి. ఆ సంచిక మీద ఉన్నది 1987 నవంబరు తేదీ. రీగన్, గోర్బచేవ్ మధ్యతరహా అణు క్షిపణుల ఒప్పందం మీద సంతకాలు చేసింది ఆ డిసెంబరు 8న. అంతకు కొన్ని నెలల ముందే, చెర్నోబిల్ ప్రమాదం జరిగిన మరుసటి ఏడాదిలో, మూడవ సంచిక సోవియట్ అణుకేంద్రంలో జరిగే ప్రమాదాన్ని కథగా చేసింది. తరువాత వచ్చిన రెండవ రాకెట్ రెడ్, దిమిత్రి పుష్కిన్, భార్యాబిడ్డలను ప్రాణంగా చూసుకునే, అమెరికా వస్తువులంటే మురిసిపోయే మనిషి. ప్రచ్ఛన్నయుద్ధపు చివరి రోజుల్లో అమెరికన్ కామిక్స్‌లో కనబడిన రష్యన్లలో ఇంత ఆప్యాయంగా గీసిన పాత్ర మరొకటి చెప్పడం కష్టం. లీగ్‌కు ఐక్యరాజ్యసమితి మద్దతు దక్కడం వల్ల నిధులు పోయి మూతపడిన మరో వీరబృందం నుంచి బ్రెజిల్ దేశపు ఫైర్, నార్వే దేశపు ఐస్ అనే ఇద్దరు యువతులు ఉద్యోగం కోసం వచ్చి చేరడం మరో మంచి ఊహ. జీతం, ఖర్చు, పని అన్న మాటలు ఈ పత్రికలో నిత్యం వినబడతాయి. బీటిల్, బూస్టర్ లీగ్ సొమ్ముతో ఒక దక్షిణసముద్ర ద్వీపంలో జూదశాల తెరిచి దివాలా తీయడం, అంగారక గ్రహం నుంచి వచ్చిన మార్షియన్ మాన్‌హంటర్ ఓరియో బిస్కట్లకు బానిస కావడం అభిమానులు మరువని ఘట్టాలు. తన జాతి అంతా నశించగా ఒంటరిగా మిగిలిన ఆ అంగారకుడు ఇంత సందడి మధ్య తలపట్టుకుని కూర్చోవడంలో నవ్వుతోపాటు జాలి కూడా కలిసి ఉంది. డిమాటిస్ తాను మెహెర్ బాబా భక్తుడినని బహిరంగంగా చెప్పుకున్న రచయిత. ఆ గురువు పేరు, ఆయన కేంద్రాలు కోస్తా ఆంధ్రలో చాలామందికి తెలిసినవే. డిమాటిస్ రాసిన పాత్రల్లో ఎంత మూర్ఖుడి మీదనైనా కనబడే దయను ఆ నమ్మకంతో కలిపి చదవడం అసంగతం కాదు.

1989లో 26వ సంచికకు పత్రిక పేరు ‘జస్టిస్ లీగ్ అమెరికా’ అయింది, ‘జస్టిస్ లీగ్ యూరోప్’ అనే సోదర పత్రిక పుట్టింది. అప్పటికే వ్యాపారం కామిక్స్ మాత్రమే అమ్మే ప్రత్యేక దుకాణాల చేతిలోకి చాలావరకు వెళ్ళింది. ఫిల్ స్యూలింగ్ 1973లో ప్రచురణకర్తలతో కుదుర్చుకున్న ఏర్పాటు ప్రకారం అటువంటి దుకాణాలు అమ్ముడుపోని ప్రతులను వెనక్కి పంపకుండా ముందే కొనుక్కునేవి. అలా కొనే దుకాణదారుకు నమ్మకమైన పాఠకులు కావాలి, ఆ పాఠకులు అక్కడే కలుసుకుని మాట్లాడుకునేవారు. కథ నుంచి కథకు సాగే పరాచికాలు, వరుసగా చదివినవాడికే అర్థమయ్యే ప్రస్తావనలు ఈ ఏర్పాటులోనే వర్ధిల్లాయి. మగ్వైర్ తరువాత వచ్చినవారిలో ఆడమ్ హ్యూస్ చక్కగా నిలిచాడు. 1990లో డెస్పెరో అనే రాక్షసుడు మాజీ సభ్యురాలు జిప్సీ తల్లిదండ్రులను చంపే కథలో ఆయన బొమ్మలు పత్రికకు కోల్పోయిన గాంభీర్యాన్ని తిరిగి ఇచ్చాయి. అయితే శాఖలు పెరిగేకొద్దీ హాస్యం అలవాటుగా మారింది. 1992లో 60వ సంచికతో గిఫెన్, డిమాటిస్ సెలవు తీసుకోవడం సకాలంలో జరిగిన పనే.

2003లో గిఫెన్, డిమాటిస్, మగ్వైర్ ముగ్గురూ మళ్ళీ కలిసి ఆరు సంచికల ‘ఫార్మర్లీ నోన్ యాజ్ ది జస్టిస్ లీగ్’ తెచ్చారు. దానికి 2004లో ఉత్తమ హాస్య ప్రచురణగా ఐస్నర్ పురస్కారం లభించింది. అదే ఏడాది మరో రచయిత కథలో యూరోప్ శాఖలో నవ్వులు పంచిన స్యూ డిబ్నీ హత్యకు గురైంది; 2005లో, లీగ్‌ను స్థాపించిన వ్యాపారి మాక్స్‌వెల్ లార్డ్ బ్లూ బీటిల్ తలలోకి తూటా దించాడు. గిఫెన్ 2023 అక్టోబరులో మరణించాక పాత సంచికలను తిరిగి తెరిచిన అభిమానుల మధ్య బీటిల్ హత్య గురించిన వాదం ఇంకా ఆరలేదు. మాక్స్‌వెల్ మొదటినుంచీ దుర్మార్గుడేనని చెప్పేవారు మొదటి సంచికనే సాక్ష్యంగా చూపుతారు, ఎందుకంటే ఐక్యరాజ్యసమితిలో జరిగిన ఉగ్రవాద దాడి వెనుక అతని హస్తం ఉందని అక్కడే సూచన కనబడుతుంది. కానీ ఆ సాక్ష్యం సగమే. మొదటి ఏడాది చివరికి అతన్ని నడిపించింది ఒక అన్యలోక యంత్రమని తేలుతుంది, అతను దానికి ఎదురు తిరుగుతాడు, ఆ తరువాతి నాలుగేళ్ళలో తన బృందాన్ని చిరాకుపడుతూనే కాపాడుకునే మనిషిగా మారతాడు. 60 సంచికలను వరుసగా చదివినవారికి కనిపించేది ఈ మార్పే, బీటిల్ మరణం వారిని అంతగా బాధించడానికి కారణమూ ఇదే.