మొదటి 512 బైట్లు: బూటింగ్ చరిత్ర

కరెంటు అందిన క్షణాన ప్రాసెసర్‌కు హార్డ్ డిస్క్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న సంగతి తెలియదు. ఒక చిన్న ప్రోగ్రాం తనకంటే పెద్ద ప్రోగ్రాంను మెమరీలోకి తెచ్చి దానికి పగ్గాలు అప్పజెప్పాలి. అది ఇంకా పెద్దదాన్ని తేవాలి. ఈ అంచెల పనినే బూటింగ్ అంటారు. కొత్తగా ఓఎస్ వేసిన కంప్యూటర్ బూట్ కాకపోతే చాలాసార్లు తెగింది ఈ అంచెల మధ్య లంకె మాత్రమే. డిస్క్‌లో ఓఎస్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ లంకె తెగే చోటు తరానికొకటిగా మారుతూ వచ్చింది.

తొలి అంచెను మనిషే చేత్తో ఎక్కించిన రోజులున్నాయి. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ ముందు పలక మీద స్విచ్‌ల వరస ఉండేది. వాటిని పైకీ కిందికీ వేస్తూ బైటు తర్వాత బైటుగా మెమరీ నింపాలి. ఆ యంత్రానికి బిల్ గేట్స్, పాల్ అలెన్ బేసిక్ భాషను రాశారు. దాన్ని పని చేయించి చూపడానికి అలెన్ దాని తయారీదారులున్న ఆల్బుకెర్కీకి బయల్దేరాడు. కాగితపు టేపు మీదున్న బేసిక్‌ను మెమరీలోకి చదివించే లోడర్ రాయనేలేదని విమానంలో గుర్తొచ్చింది. దిగేలోగా రాసేశాడు. మర్నాడు దాన్ని స్విచ్‌లతో ఎక్కిస్తే యంత్రం మొదటిసారే పలికింది.

1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీ ఈ చాకిరీని తప్పించింది. చెరిగిపోని రోమ్ చిప్‌లో బయోస్ అనే ప్రోగ్రాంను స్థిరంగా ఉంచారు. బయోస్ ఫ్లాపీలోని మొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెచ్చి ఇక నీ ఇష్టమని వదిలేస్తుంది. ఫ్లాపీ లేకపోతే రోమ్‌లోనే ఉన్న బేసిక్ తెరుచుకునేది. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ వచ్చాక ఆ 512 బైట్లనూ పంచుకోవలసి వచ్చింది. 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల (డిస్క్ భాగాల) పట్టికకు, చివరి రెండు సరైన సెక్టారేనని చెప్పే గుర్తుకు. ఈ ఇరుకు ఏర్పాటు దాదాపు ముప్పై ఏళ్లు నడిచింది. తర్వాతి తగాదాలకు మూలం చాలావరకు అదే.

డిస్క్‌కు బూట్ కోడ్ గది ఒక్కటే. దానికి హక్కుదారులు ఇద్దరైతే గొడవ తప్పదు. లినక్స్ ఉన్న డిస్క్ మీద విండోస్ వేస్తే, అది ఎవరినీ అడగకుండా తన కోడ్‌ను ఆ గదిలో రాసుకునేది. లినక్స్ పార్టిషన్ అలాగే ఉన్నా దాన్ని పిలిచే నాథుడు ఉండడు. ముందు విండోస్, తర్వాత లినక్స్ వేయాలన్న ఆనవాయితీ ఇందుకే పుట్టింది.

లినక్స్ వైపు తొలి కాలపు లోడర్ లిలో. తన పేరులోని నాలుగు అక్షరాలను పని ముందుకు సాగే కొద్దీ ఒక్కొక్కటిగా తెర మీద వేసేది. ‘ఎల్, ఐ’ దగ్గర ఆగిపోయిందంటే రెండో అంచె మెమరీలోకి వచ్చినా నడవలేదని అర్థం. లోపాన్ని ఇంత పొదుపుగా చెప్పిన సాఫ్ట్‌వేర్ అరుదు. అయితే లిలోకు ఫైళ్ల పేర్లతో పని లేదు. ఓఎస్ గుండెకాయ అయిన కెర్నెల్ ఏ సెక్టార్లలో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. కొత్త కెర్నెల్ వేసి లిలోను మళ్లీ నడపడం మరిస్తే అంతే సంగతులు. పాత బయోస్‌లు 1024 సిలిండర్లు దాటి, అంటే ఎక్కువలో ఎక్కువ 8.4 గిగాబైట్లు దాటి, చదవలేకపోవడం ఇంకో చిక్కు. నిన్నటిదాకా నడిచిన యంత్రం, కొత్త కెర్నెల్ ఆ గీత అవతల పడగానే ఆగిపోయేది. డిస్క్ మొదట్లో బూట్‌కు చిన్న పార్టిషన్ కేటాయించడం దీనికి విరుగుడు. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ అనే లోడర్ ఫైల్ సిస్టమ్‌ను తానే చదువుకోగలదు కాబట్టి, దానితో సెక్టార్ల లెక్క బాధ తగ్గింది.

లంకె బాగానే ఉన్నా డ్రైవర్ లేక ఆగిన సందర్భాలూ ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీ వేశాక బయోస్‌లో సాటా డిస్క్ పద్ధతిని ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిస్తే నీలి తెర వచ్చేది. ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను ఇన్‌స్టలేషన్ అప్పుడే ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి ఇవ్వాలి. అప్పటికే చాలా కొత్త కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవ్ కనుమరుగవుతోంది.

పాత పార్టిషన్ పట్టిక సెక్టార్ల సంఖ్యను 32 బిట్లలో రాస్తుంది కనుక సుమారు 2.2 టెరాబైట్లు దాటిన డిస్క్‌ను పూర్తిగా వాడుకోలేదు. ఇటానియం సర్వర్ల కోసం బయోస్‌కు బదులుగా ఇంటెల్ రూపొందించిన ఈఎఫ్ఐ అప్పటికే సిద్ధంగా ఉంది. 2005లో ఏర్పడిన కంపెనీల ఫోరం చేతికి వెళ్లి అది యూఈఎఫ్ఐ అయింది. ఇందులో బూట్ కోడ్ ఫ్యాట్ పార్టిషన్‌లో మామూలు ఫైలుగా ఉంటుంది. దీనితో వచ్చిన కొత్త పార్టిషన్ పట్టిక జీపీటీలో విండోస్ 128 పార్టిషన్ల దాకా అనుమతిస్తుంది. రెండు ఓఎస్‌ల లోడర్లు వేర్వేరు ఫోల్డర్లలో సర్దుకుంటాయి. చోటు తగాదా తీరినా పద్ధతుల తగాదా వచ్చింది. చాలా మదర్‌బోర్డులు పాత బయోస్ పద్ధతినీ అనుమతించాయి. పెన్‌డ్రైవ్‌ను ఒక పద్ధతిలో బూట్ చేసి ఓఎస్ వేసి, సెట్టింగ్స్‌లో ఇంకో పద్ధతి ఉంచితే, బూట్ చేయదగ్గ డిస్కే లేదని యంత్రం బుకాయిస్తుంది.

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ ఇళ్లకు చేరింది. నమ్మదగిన సంతకం లేని లోడర్‌ను యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ నడవనివ్వదు. అందుకే లినక్స్ పంపిణీదారులు షిమ్ అనే చిన్న లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం చేయించుకుని, దాని ద్వారా గ్రబ్‌ను నడిపిస్తున్నారు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ లోపాలున్న పాత షిమ్‌లను నిషేధించింది. రెండు ఓఎస్‌లున్న యంత్రాలను అది వదిలేయాల్సింది. కానీ కొన్నింటిని గుర్తించలేకపోవడంతో వాటిలో లినక్స్ బూట్ కావడం మానేసింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఆ నిషేధపు జాబితాను తొలగించి, మళ్లీ సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే అవి తిరిగి నడిచాయి.