కార్యాలయ ఇంట్రానెట్‌లో మ్యాపు సేవ మార్పు: కోడూరు మండలం ఉదాహరణగా గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, సముద్రంలో కలిసేలోగా చుట్టివచ్చిన భూభాగమే దివిసీమ. అందులో సాగరతీరాన ఉన్నది కోడూరు మండలం. నదీ సాగర సంగమస్థానమైన హంసలదీవి, దానిని ఆనుకొని ఉన్న పాలకాయతిప్ప ఈ మండలంలోనివే. 1977 నవంబరు 19న సంభవించిన పెను తుపాను, ఉప్పెన కారణంగా అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. అత్యధిక నష్టం దివిసీమకే వాటిల్లింది. ఇటువంటి ప్రాంతంలో కరకట్టకు దిగువన ఉన్న ఆవాసాలేవి, వాటికి దగ్గరలోని తుపాను రక్షిత భవనమేది, అక్కడికి వాహనం ఏ దారిన చేరగలదు అన్న ప్రశ్నలకు అధికారి కంప్యూటరులోని మ్యాపు సమాధానం చెప్పవలసి ఉంటుంది. అందువల్ల ఆ మ్యాపును అందించే సంస్థను మార్చడం కేవలం సాంకేతిక సిబ్బందికి సంబంధించిన వ్యవహారం కాదు.

ఇంట్రానెట్‌లో కనిపించే మ్యాపు నిజానికి రెండు పొరలుగా ఉంటుంది. అడుగున రోడ్లు, నదులు, ఊళ్ల పేర్లతో కూడిన పటం బయటి సంస్థ సర్వరు నుంచి చిన్న చిన్న చదరపు ముక్కలుగా వస్తుంది. దానిపై పాఠశాలలు, రక్షిత భవనాలు, చౌకధరల దుకాణాలు వంటి గుర్తులు కార్యాలయం స్వయంగా చేర్చుకొన్నవి. సేవాసంస్థను మార్చినపుడు మారవలసింది అడుగు పొర మాత్రమే. ఈ రెండింటిని విడివిడిగా ఉంచని కార్యాలయాలకే మార్పు సమయంలో చిక్కులు ఎదురవుతాయి.

మార్పు ఆవశ్యకత తరచు బయటి నుంచే వస్తుంది. గూగుల్ సంస్థ 2018 జూలై 16 నుంచి తన మ్యాపుల వినియోగానికి ఏపీఐ కీని, బిల్లింగ్ ఖాతాను తప్పనిసరి చేసింది. నెలకు 200 డాలర్ల విలువ మేరకు ఉచితంగా వాడుకొనే వీలు కల్పించినప్పటికీ, కీ లేని పుటలలో మ్యాపు మసకబారి, దానిపై హెచ్చరిక అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. 2025 మార్చిలో ఆ ఉచిత విధానం కూడా మారింది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన బింగ్ మ్యాప్స్ వాణిజ్య సేవను ఉచిత ఖాతాలకు 2025 జూన్ 30తో ముగించి, చెల్లింపు ఖాతాలకు 2028 జూన్ 30 వరకు గడువునిచ్చి, అజూర్ మ్యాప్స్‌కు మారవలసిందిగా సూచించింది.

ప్రత్యామ్నాయాలకు కొదవ లేదు. ఇస్రోకు చెందిన భువన్ 2009 ఆగస్టులో ప్రారంభమైంది. దానిని నిర్వహించే జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాదులోనే ఉంది. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని మూలాన్ని పేర్కొని ఎవరైనా వాడుకొనవచ్చు. అయితే ఆ సంస్థ సర్వర్లు విరాళాలపై నడుస్తున్నవైనందున, పెద్ద కార్యాలయాలు పటపు ముక్కలను తమ సర్వరులోనే తయారు చేసుకొనడం ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 15న వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, సమతలంలో ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కంటె సూక్ష్మమైన భౌగోళిక సమాచారాన్ని భారతీయ సంస్థలే రూపొందించి, దేశంలోనే భద్రపరచవలసి ఉంది. సంస్థను ఎంపిక చేసేటపుడు ధరతోపాటు ఈ నిబంధనను కూడా పరిశీలించాలి.

కోడూరు విషయంలో మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. రాయలసీమలో రైల్వే కోడూరు ఉంది. గ్రామం పేరునుబట్టి స్థానాన్ని వెదికే సౌకర్యం ఒక్కొక్క సంస్థ వద్ద ఒక్కొక్క విధంగా పనిచేస్తుంది. కృష్ణా జిల్లా కోడూరుకు ఉద్దేశించిన గుర్తు రాయలసీమలో పడే అవకాశం లేకపోలేదు. పేరుకు బదులుగా అక్షాంశ రేఖాంశాలనే ఆధారం చేసుకొన్నచో ఈ ప్రమాదం తప్పుతుంది. కాని అక్కడ మరొకటి పొంచి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షాంశాన్ని ముందుగా, మరికొన్ని రేఖాంశాన్ని ముందుగా స్వీకరిస్తాయి. కోడూరు ఇంచుమించు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండు అంకెలు తారుమారైతే గుర్తు నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటబడుతుంది కనుక దానివలన అంతగా భయం లేదు.

భయపడవలసింది చిన్న తప్పుకు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్టు గోళాభ ప్రమాణంపై తయారైనవి. జీపీఎస్ పరికరాలు, నేటి మ్యాపు సేవలు డబ్ల్యూజీఎస్-84 ప్రమాణాన్ని అనుసరిస్తాయి. పాత పటం నుంచి తీసుకొన్న స్థానాన్ని మార్పిడి చేయకుండా కొత్త మ్యాపుపై ఉంచినట్లయితే అది వందల మీటర్లు పక్కకు జరుగుతుంది. మెట్ట ప్రాంతంలో అది పెద్ద తేడాగా తోచకపోవచ్చు. పాయలు, మురుగు కాల్వలు, మడ అడవులు అడుగడుగునా ఉన్న కోడూరులో మాత్రం కరకట్టకు ఇవతలి భవనం అవతల ఉన్నట్లు కనిపించవచ్చు.

రహదారుల సంగతీ అంతే. ఉల్లిపాలెం-భవానీపురం మధ్య కృష్ణా పాయపై నిర్మించిన వారధి కొత్త మ్యాపులో లేకపోతే, మచిలీపట్నం నుంచి బయలుదేరిన సహాయక బృందానికి అది చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా చుట్టుదారినే చూపుతుంది. పూర్వపు 214ఎ జాతీయ రహదారి నేడు 216గా వ్యవహారంలో ఉన్నదన్న విషయాన్ని కూడా సరిచూసుకోవాలి. సంబంధిత తహశీల్దారు కార్యాలయ సిబ్బంది ఒకటి రెండు రోజులు గ్రామాలలో తిరిగి, ప్రతి రక్షిత భవనం గుమ్మం వద్ద జీపీఎస్ కొలత తీసుకొని పోల్చిచూడటం కంటె నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు.

ఆ కొలతలకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. గూగుల్ ద్వారా వెదికి పొందిన అక్షాంశ రేఖాంశాలను సాధారణంగా 30 రోజులకు మించి భద్రపరచుకొనడానికి ఆ సంస్థ నిబంధనలు అనుమతించవు. వాటిని మరొక సంస్థ మ్యాపుపైకి తరలించడం వివాదాస్పదం కాగలదు. సిబ్బంది స్వయంగా సేకరించిన కొలతలు కార్యాలయం సొత్తు; ఏ మ్యాపుపైనైనా ఉంచుకొనవచ్చు. పాత్రికేయులు సైతం మ్యాపుల చిత్రాలను ప్రచురించేటపుడు మూలాన్ని పేర్కొనవలసి ఉంటుందని గమనించగలరు.

తుపాను వేళ విద్యుత్తు, ఇంటర్నెట్ రెండూ నిలిచిపోవడం తీరప్రాంతానికి అనుభవమే. బయటి సర్వరుపై ఆధారపడిన మ్యాపు ఆ క్షణంలో ఖాళీ తెరగా మిగులుతుంది. ఎంత ఖరీదైన సేవ అయినా అంతే. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ మండలాల అడుగు పొరను మచిలీపట్నంలోని జిల్లా కార్యాలయ సర్వరులోను, మండల కార్యాలయంలోని ఒక కంప్యూటరులోను ముందుగానే నిల్వ చేసి ఉంచడం, గోడపై కాగితపు పటాన్ని తొలగించకుండా ఉంచడం అవసరం. ఇందుకు అనుమతించే సంస్థను ఎంచుకొనాలి. అన్ని సంస్థలూ ఇందుకు అంగీకరించవు.

బంగాళాఖాతంలో తుపానులు ప్రధానంగా మే, జూన్ నెలలలోను, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఏర్పడతాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను కోస్తా తీరాన్ని దాటింది. కనుక మార్పును జనవరి, మార్చి మాసాల మధ్య చేపట్టి, పాత సేవ ఖాతాను ఆ సంవత్సరం డిసెంబరు ముగిసే వరకు రద్దు చేయకుండా కొనసాగించడం శ్రేయస్కరం.